ఫోన్ నిలబడ్డ చోటు నుంచి లెక్క: సరిహద్దు ఊళ్లలో పబ్లిక్ వైఫై

"సిగ్నల్ ఫుల్లు, నెట్టు నిల్లు." పబ్లిక్ వైఫై పెట్టిన చోట తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. ఫోన్ తెర మీద వైఫై గీతలన్నీ నిండుగా ఉంటాయి. పేజీ మాత్రం తెరుచుకోదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. వాడేవాళ్లు కంపెనీని తిడతారు. పెట్టినవాళ్లు ఇంకా పెద్ద యాంటెన్నా కొనాలేమో అనుకుంటారు. చాలాసార్లు ఆ పెద్ద యాంటెన్నా వచ్చాకే సమస్య ముదురుతుంది.

ఎందుకంటే వైఫై ఆకాశవాణిలా పనిచెయ్యదు. ఆకాశవాణిలో కేంద్రం మాట్లాడుతుంది, ఇంట్లో రేడియో వింటుంది, అంతటితో సరి. వైఫైలో ఫోన్ కూడా తిరిగి మాట్లాడాలి. ఒక్క ఫోటో డౌన్‌లోడ్ కావాలన్నా, వచ్చిన ప్రతి విడతకూ "అందింది" అని ఫోన్ జవాబు పంపుతూ ఉండాలి. జవాబు రాకపోతే యాక్సెస్ పాయింట్, అంటే స్తంభం మీద బిగించే వైఫై డబ్బా, అదే ముక్కను మళ్లీ పంపుతుంది, మళ్లీ పంపుతుంది. ఇక్కడే తేడా వస్తుంది. స్తంభం మీది డబ్బాకు తీగ మీద కరెంటు వస్తుంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో, యాంటెన్నా బలం కూడా కలుపుకుని, 4 వాట్ల దాకా ప్రసారం చెయ్యడానికి లైసెన్సు అక్కర్లేదు. ఫోన్‌కు ఉన్నది జేబులో పట్టే బ్యాటరీ, దాని అంచున ఇమిడిపోయే యాంటెన్నా. అది పంపే శక్తి మామూలుగా 0.1 వాటు లోపే. డబ్బా అరుపు అర కిలోమీటరు దాకా వినిపిస్తుంది, ఫోన్ గొంతు అంత దూరం రాదు. గీతలు చూపించేది డబ్బా మాట ఫోన్‌కు ఎంత బాగా వినిపిస్తోందో మాత్రమే. ఫోన్ మాట డబ్బాకు ఎంత వినిపిస్తోందో ఆ గీతల్లో తెలియదు.

పెద్ద యాంటెన్నా పూర్తిగా దండగ అని కాదు. యాంటెన్నా బలం పంపేటప్పుడూ, వినేటప్పుడూ రెండువైపులా పనికొస్తుంది. ప్రసారశక్తి పెంచితే లాభం ఒకవైపే. పైగా ఎత్తున కూర్చున్న పెద్ద యాంటెన్నాకు కింద ఉన్న ఫోన్ల గొంతుతో పాటు ఊళ్లోని ఇళ్ల రౌటర్ల గోలంతా వినిపిస్తుంది. ఆ గోలలో దూరపు ఫోన్ మాట కలిసిపోతుంది. అందుకే హాట్‌స్పాట్ పరికరాల లెక్క డబ్బా నుంచి కాక ఫోన్ పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడతాడన్న దగ్గర మొదలవ్వాలి. ఎత్తు, యాంటెన్నా, ఛానల్, తీగ, బ్యాటరీ అన్నీ అక్కడి నుంచి వెనక్కి లెక్కించుకుంటూ రావాలి. ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో ఈ లెక్కకు ఇంకొన్ని చిక్కులు తోడవుతాయి.

ఎవరు, ఎక్కడ నిలబడతారు

గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం ఒకవైపు. గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్, యవత్మాల్ మరోవైపు. ఈ జిల్లాల తెలుగువాళ్ల పనులు రెండు రాష్ట్రాల మధ్య చీలి ఉంటాయి. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్ర. సిరోంచ నుంచి గోదావరి దాటితే కాళేశ్వరం, తెలంగాణ. ధర్మాబాద్ నుంచి బాసర దగ్గరే. పిల్లల కాలేజీ దరఖాస్తు ఒక రాష్ట్రం వెబ్‌సైట్లో, భూమి కాగితం ఇంకో రాష్ట్రం వెబ్‌సైట్లో. మొబైల్ డేటా చవకైన ఈ రోజుల్లో పబ్లిక్ వైఫై ఎందుకని అడిగేవాళ్లున్నారు. కొండ నీడలో, అడవి అంచున ఉన్న ఊళ్లలో మొబైల్ సిగ్నల్ వచ్చినా అది వాట్సాప్ మెసేజీకి సరిపోతుంది, పది పేజీల స్కాన్ కాపీ ఎక్కించడానికి చాలదు. దరఖాస్తు ఆఖరి రోజున ఆ తేడా ఎంత టెన్షన్ పెడుతుందో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. అందుకని ఈ ప్రాంతంలో హాట్‌స్పాట్ సినిమాలు చూసుకునే సరదా వస్తువుగా మిగిలిపోకూడదు. ఫైలు ఎక్కించడమే ఇక్కడి అసలు పని, అంటే ఫోన్ మాట్లాడే వైపు. సరిగ్గా ఆ వైపే వైఫై బలహీనంగా ఉంటుంది.

ఊళ్లో జనం చేరే చోట్లు నాలుగైదుకు మించవు. బస్టాండు, పంచాయతీ ఆఫీసు అరుగు, హైస్కూలు గేటు, టీ కొట్టు బెంచీలు, వారానికోసారి సంత మైదానం. ఊరంతా వైఫై అన్న ప్రచారం వినసొంపుగా ఉంటుంది కానీ ఆచరణలో అది ఎవరికీ సరిగ్గా అందని వైఫై అవుతుంది. నాలుగు చోట్ల నలభై, యాభై మీటర్ల మేర గట్టిగా పనిచేసేలా నాలుగు చిన్న డబ్బాలు పెట్టడం, టవరు మీద ఒక పెద్ద డబ్బా పెట్టడం కన్నా అన్నివిధాలా మేలు. రైల్వే స్టేషన్లలో 2016లో ముంబై సెంట్రల్‌తో మొదలై ఇప్పుడు 6,000కు పైగా స్టేషన్లకు పాకిన రైల్‌టెల్ వైఫై కూడా జనం ఆగి ఎదురుచూసే చోటును ఎంచుకున్నందునే అందరికీ అలవాటైంది.

పిండిముద్ద, రొట్టె

చుట్టూ అన్నివైపులా ప్రసారం చేసే కర్రలాంటి యాంటెన్నాను కొనేటప్పుడు దాని బలం ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుంటారు. యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్ని ఒక ఆకారంలోకి ఒత్తుతుంది. జొన్నపిండి ముద్దను అరచేత్తో తడుతూ పోతే రొట్టె వెడల్పవుతుంది, పలచనవుతుంది. బలం తక్కువున్న యాంటెన్నా ముద్దలాంటిది, పైకీ కిందికీ కూడా కొంత చేరుతుంది. 12 డెసిబెల్స్ బలమున్నది పలచని రొట్టె, నిలువు దిశలో దాని వెడల్పు ఏడు డిగ్రీల చుట్టూ ఉంటుంది. దాన్ని 20 మీటర్ల టవరు మీద పెడితే ఆ రొట్టె అంచు నేల మీది ఫోన్ ఎత్తుకు దిగేసరికి సుమారు 300 మీటర్ల దూరం వచ్చేస్తుంది. టవరు కిందే ఉన్న టీ కొట్టులో సిగ్నల్ సరిగ్గా రాకపోవడం, ఎక్కడో ఊరి చివర పొలం గట్టు మీద గీతలు కనిపించడం ఇందువల్లే. ఊరి చివర కనిపించిన ఆ గీతలూ అక్కరకు రావు, ఎందుకంటే అక్కడి నుంచి ఫోన్ గొంతు టవరు దాకా రాదు.

బస్టాండుకైతే నాలుగు నుంచి ఆరు మీటర్ల ఎత్తు చాలు. షెడ్డు చూరు కింద, జనం వైపు ముఖం పెట్టి, కొద్దిగా కిందికి వంచిన పలక యాంటెన్నా ఉంటే మంచిది. రేకుల షెడ్డు పైన డబ్బా బిగించి కింద బెంచీల మీద సిగ్నల్ రావాలనుకోవడం వృథా. ఇనుప రేకు రేడియో తరంగాన్ని దాదాపు పూర్తిగా వెనక్కి తిప్పేస్తుంది. సంత మైదానానికి అంచుల్లో రెండు స్తంభాలు, లోపలికి చూసే పలక యాంటెన్నాలు సరిపోతాయి. సంత రోజున గుంపులో నిలబడ్డ మనుషుల శరీరాలే తరంగాన్ని తినేస్తాయి. ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా మరి. ఖాళీ మైదానంలో ఆదివారం చేసిన పరీక్ష సంత నాడు తలకిందులయ్యేది ఇందుకే. తలల మీదుగా చూసేంత ఎత్తు మాత్రం ఉండాలి.

నెమ్మదిగా మాట్లాడేవాడి ఖరీదు

వైఫైలో ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. మిగతావాళ్లు ఆగాలి. రచ్చబండ దగ్గర పద్ధతి అది. బండ దగ్గర ఒకరు చెప్పాల్సింది నిమిషంలో చెప్పేస్తే పది మందికి అవకాశం వస్తుంది, ఒకరే సాగదీస్తే పొద్దు గూకుతుంది. దూరంగా ఉన్న ఫోన్‌కు సిగ్నల్ బలహీనమైన కొద్దీ అది వేగం తగ్గించుకుని, ఒక్కో మాటా నిలిపి నిలిపి చెబుతుంది. 1,500 బైట్ల ముక్క ఒకటి సెకనుకు 1 మెగాబిట్ వేగంతో వెళ్లాలంటే 12 మిల్లీసెకన్లు పడుతుంది. 54 మెగాబిట్ల వేగంతో వెళ్లే దగ్గరి ఫోన్‌కు అదే ముక్కకు 0.22 మిల్లీసెకన్లు చాలు. నేరుగా లెక్కేస్తే, ఊరి చివర గట్టు మీద కూర్చున్న ఒక్క ఫోన్ యాభై మంది దగ్గరి ఫోన్ల సమయం తినేస్తుంది.

సిగ్నల్ ఎంత దూరం పోతే అంత గొప్ప అనుకునే మాట ఇక్కడ వీగిపోతుంది. దూరపు ఫోన్‌ను చేర్చుకోకపోవడమే దగ్గరివాళ్లందరికీ చేసే మేలు. మంచి యాక్సెస్ పాయింట్లన్నిటిలో కనీస వేగం పెట్టుకునే వీలుంటుంది. 1, 2, 5.5, 11 మెగాబిట్ల పాత వేగాలు 1997, 1999 నాటి ప్రమాణాల నుంచి వచ్చినవి. వాటిని ఆపేసి, 12 మెగాబిట్లకు తక్కువ మాట్లాడే ఫోన్‌ను తీసుకోవద్దని చెబితే సరిపోతుంది. హాట్‌స్పాట్ పరిధి మ్యాపులో కుంచించుకుపోతుంది, లోపల ఉన్నవాళ్లకు మాత్రం ఊపిరాడుతుంది. ప్రసారశక్తిని కూడా ఫోన్ గొంతుకు దగ్గరగా తగ్గించాలి. డబ్బా వినిపించే దూరమూ, ఫోన్ వినిపించే దూరమూ ఇంచుమించు ఒకటే అయినప్పుడు గీతలు చెప్పేదీ, నెట్టు చేసేదీ ఒకటవుతుంది.

ఇంకో దొంగ సమస్య ఉంది. సంత మైదానానికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉంటారు. మధ్యలోని డబ్బాకు ఇద్దరూ వినిపిస్తారు, వాళ్లకు ఒకరి మాట ఒకరికి వినిపించదు. ఛానల్ ఖాళీగా ఉందనుకుని ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, డబ్బా దగ్గర రెండు మాటలూ గుద్దుకుంటాయి. పరిధి చిన్నదైతే ఇదీ తగ్గుతుంది.

ఛానళ్ల సంగతి చాలామందికి తెలిసిందే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే. పక్కపక్క డబ్బాలకు ఈ మూడింటినీ మార్చి మార్చి ఇవ్వాలి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వకూడదు. 5 గిగాహెర్ట్జ్‌లో 2018 అక్టోబరు నోటిఫికేషన్ తర్వాత మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోవడానికి దొరికింది, కాబట్టి చోటు చాలా ఉంది. దూరం మాత్రం తక్కువ. ఒకే బలమున్న యాంటెన్నాలతో, ఒకే దూరంలో, 5.8 గిగాహెర్ట్జ్ మీద అందే శక్తి 2.4తో పోలిస్తే దాదాపు ఆరో వంతు. ఆకులు, తడిగోడలు అడ్డొస్తే ఇంకా తగ్గుతుంది. బస్టాండు చూరు కింద 5 గిగాహెర్ట్జ్ చక్కగా పనిచేస్తుంది, రెండూ ఉన్న డబ్బా తీసుకుంటే కొత్త ఫోన్లన్నీ అటు వెళ్లిపోయి 2.4 ఖాళీ అవుతుంది. ఒకే డబ్బా మీద నాలుగైదు వైఫై పేర్లు పెట్టే అలవాటు కూడా మానుకోవాలి. ఒక్కో పేరూ సెకనుకు దాదాపు పది సార్లు తానున్నానని చాటుకుంటుంది, అదంతా అందరి సమయంలోంచే పోతుంది.

తీగ లేని తీగ

స్తంభం దాకా ఇంటర్నెట్ ఎలా వస్తుందన్నది రెండో సగం. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌గా ఆమోదం పొంది 2015లో భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం పంచాయతీల దాకా ఫైబర్ తెచ్చేందుకు పుట్టింది. ఫైబర్ పంచాయతీ ఆఫీసు దాకా వస్తే, అక్కడి నుంచి బస్టాండుకు, హైస్కూలుకు వైఫై రేడియో లింకుతోనే తీసుకెళ్లవచ్చు. రెండు చివర్లా చిన్న డిష్షులు, ఒకదాన్ని ఒకటి చూస్తూ ఉండాలి. ఇలాంటి లింకులు మన దేశంలో కొత్త కాదు. ఐఐటీ కాన్పూర్ వాళ్లు 2000ల మొదట్లోనే గంగా మైదానంలో వైఫైతో పల్లెలను కలిపి చూపించారు. తమిళనాడు తేని జిల్లాలో అరవింద్ కంటి ఆసుపత్రి పల్లె కేంద్రాలకు ఇవే లింకుల మీద డాక్టర్లు వీడియోలో రోగులను చూశారు.

ఫోన్ లింకుకూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ రెండు చివర్లూ మన చేతిలోనే ఉంటాయి. అందుకని కిలోమీటర్ల దూరం పని జరుగుతుంది. కంటికి ఎదుటి డిష్షు కనిపిస్తే చాలనుకుంటారు కానీ చాలదు. రేడియో తరంగం సన్నని దారంలా పోదు, మధ్యలో లావుగా ఉన్న కదురులా పోతుంది. దీన్నే ఫ్రెనెల్ మండలం అంటారు. 5 కిలోమీటర్ల లింకుకు 5.8 గిగాహెర్ట్జ్ మీద ఆ కదురు నడుమ దగ్గర సగం మందం 8 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే గీత చుట్టూ దాదాపు 5 మీటర్లు ఖాళీగా ఉండాలి. మధ్యలో ఉన్న చింతచెట్టు కొమ్మ గీతకు తగలకపోయినా, కదురులోకి వస్తే వేగం పడిపోతుంది.

గడ్చిరోలి దక్షిణాన ఇది మరీ ముఖ్యం. ఆళ్లపల్లి, సిరోంచ అడవులు టేకుకు పేరుపడ్డవి. టేకు ఎండాకాలానికి ఆకు రాల్చేస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చి సర్వే చేసి, ఎదుటి మేడ చక్కగా కనిపిస్తోందని డిష్షులు బిగించి వెళ్లిపోతే, జూలైలో చేటలంతేసి ఆకులు వచ్చి, వాటి మీద వాన నీళ్లు నిలిచి, లింకు చచ్చిపోతుంది. అప్పుడు కంపెనీ మనిషి వచ్చి డిష్షు మారుస్తాడు, కేబుల్ మారుస్తాడు, ఫలితం ఉండదు. తప్పు ఏప్రిల్‌లో జరిగింది. ఈ అడవుల్లో లింకు సర్వే వానాకాలంలో చెయ్యాలి, లేదా చెట్టు పూర్తిగా ఆకు తొడిగాక ఎంత ఎత్తుంటుందో, వచ్చే నాలుగైదేళ్లలో ఎంత పెరుగుతుందో కలుపుకుని స్తంభం ఎత్తు లెక్కించాలి.

గోదావరి, ప్రాణహిత కలిసే చోట నది మీదుగా వేసే లింకుకు మరో తలనొప్పి. నీటి మీద పడి తిరిగొచ్చే తరంగం నేరుగా వచ్చే తరంగంతో ఒక్కోసారి కలుస్తుంది, ఒక్కోసారి కొట్టేసుకుంటుంది. నీటిమట్టం మారితే ఆ లెక్క మారుతుంది. ఒక చివర డిష్షును ఎత్తుగా, రెండోదాన్ని తక్కువ ఎత్తులో, తిరిగొచ్చే తరంగానికి గట్టు అడ్డమొచ్చేలా పెడితే ఇది చాలావరకు తగ్గుతుంది.

నది దాటడంలో రేడియోకు రాష్ట్రాల హద్దు లేదు కానీ లైసెన్సుకు ఉంది. ఇంటర్నెట్ సర్వీసు లైసెన్సుల్లో 'ఎ' తరగతి దేశమంతటికీ, 'బి' తరగతి ఒక టెలికాం సర్కిల్‌కు, 'సి' తరగతి అంతకన్నా చిన్న పరిధికీ చెల్లుతాయి. తెలంగాణ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంది. ఒడిశాది వేరే సర్కిల్, మహారాష్ట్రది వేరే. పాతపట్నంలో మంచి ఫైబర్ ఉన్న చిన్న ఆపరేటరుకు ఆంధ్ర సర్కిల్ లైసెన్సు మాత్రమే ఉంటే, కళ్లెదుటే కనిపించే పర్లాకిమిడికి కనెక్షన్ అమ్మడానికి వీల్లేదు. హాట్‌స్పాట్ పెట్టేవాళ్లు ఆపరేటరును అడగాల్సిన మొదటి ప్రశ్న వేగం గురించి కాదు, లైసెన్సు ఏ సర్కిల్‌కు ఉందన్నదే. సరిహద్దు ఊళ్లలో దగ్గరి ఆపరేటరు దొరికినా వాడుకోలేకపోవడం నిజంగా బాధాకరం. ఈ నియమాలను సరిహద్దు తాలూకాల కోసం కొంత సడలిస్తే ఎవరికీ నష్టం ఉండదు.

ఎంత వేగం కావాలన్నది కూడా ఫోన్ వైపు నుంచే లెక్క. బస్టాండులో ఒకేసారి ఇరవై మంది, ఒక్కొక్కరికి 3 మెగాబిట్లు అంటే 60. వంద మెగాబిట్ల ఫైబర్ ఒకటి హాయిగా సరిపోతుంది. మనిషికింత అని వేగం పరిమితి పెట్టకపోతే మాత్రం వెయ్యి మెగాబిట్లు తెచ్చినా ఇద్దరు ముగ్గురు పెద్ద డౌన్‌లోడ్లతో ఊడ్చేస్తారు. కొత్త స్తంభానికి తీగ వెయ్యలేక, ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బా అదే రేడియో మీద అందిపుచ్చుకునేలా పెడితే ప్రతి అంచెకూ వేగం సగానికి పడిపోతుంది. డబ్బాలను కలిపే లింకుకు వేరే రేడియో, వేరే ఛానల్ ఉండాలి.

కరెంటు, పిడుగు, ఎండ

తేని నెట్‌వర్క్‌ను నడిపిన ఇంజనీర్లకు చివరికి తేలిందేమిటంటే, రేడియో కన్నా కరెంటే ఎక్కువ ఏడిపించింది. వోల్టేజీ ఒక్కసారి ఎగసిపడటం, పడిపోవడం, పోయి వచ్చి పోవడం వల్ల పరికరాల లోపలి మెమొరీ పాడైపోయి, కరెంటు తిరిగొచ్చినా డబ్బా లేవలేదు. ఈ ప్రాంతాలకు ఆ పాఠం అక్షరాలా వర్తిస్తుంది.

డబ్బా, ఫైబర్ మోడెం, చిన్న స్విచ్చు కలిపి 25 వాట్లు తింటాయనుకుందాం. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1,200 వాట్ అవర్లు ఉంటాయి. బ్యాటరీ ఎక్కువ కాలం బతకాలంటే సగమే వాడాలి, అంటే 600. పూర్తిగా 24 గంటలు వస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఇంట్లోలా ఇన్వర్టర్ పెట్టి 230 వోల్టులకు మార్చి, మళ్లీ అడాప్టరుతో 12కు దించితే ఆ మార్పిడిలోనే చాలా పోతుంది. ఇంత చిన్న లోడుకు ఇన్వర్టర్ తన కోసం తాను తినేదే బరువు. నేరుగా బ్యాటరీ నుంచే నడిపితే అదే బ్యాటరీ గంటల తరబడి ఎక్కువొస్తుంది. బ్యాటరీ మరీ అడుగంటక ముందే లోడును కోసేసే పరికరం ఒకటి తప్పకుండా ఉండాలి.

స్తంభం మీదికి వేరే కరెంటు తీగ లాగొద్దు. నెట్ కేబుల్లోనే కరెంటు పంపే పద్ధతి, పీవోఈ, దీనికోసమే ఉంది. మామూలు ప్రమాణంలో స్విచ్చు దగ్గర 15.4 వాట్లు, డబ్బాకు చేరేది 12.95 వాట్లు. పెద్దదానిలో 30, 25.5. కేబుల్ పొడవు 100 మీటర్లు మించకూడదు. అసలు మోసం కేబుల్లోనే జరుగుతుంది. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ చవగ్గా దొరుకుతుంది. రాగి కన్నా దాని నిరోధం ఎక్కువ, కాబట్టి కరెంటు దారిలోనే వేడిగా పోయి, 70, 80 మీటర్ల చివర ఉన్న డబ్బా రాత్రి లోడు పెరిగినప్పుడల్లా ఆగి ఆగి మొదలవుతుంది. అచ్చమైన రాగి, ఎండకు చిట్లని నల్ల పైతొడుగు, లోపల రేకు కవచం ఉన్నదే తీసుకోవాలి. డబ్బాలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి వదిలితే వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లోపలికి పోదు.

పిడుగుపాటు మరణాలు ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాల్లో ఒడిశా ఒకటి. పిడుగు స్తంభం మీదే పడక్కర్లేదు, దగ్గర్లో ఎక్కడ పడినా పొడవాటి కేబుల్లో వోల్టేజీ పుట్టి రెండు చివర్లా పరికరాలను కాల్చేస్తుంది. స్తంభానికి ఎర్తింగ్, కేబుల్ పైన ఒకటి, కింద ఒకటి సర్జ్ ప్రొటెక్టర్లు, ఆ రెండూ అదే ఎర్త్‌కు. ఎర్త్ గుంతలో ఎండాకాలం కూడా తడి ఉండాలి. ఎర్త్ లేని సర్జ్ ప్రొటెక్టర్ వల్ల ఏ ఉపయోగమూ ఉండదు. భవనాల మధ్య కేబుల్ బదులు ఫైబర్ వేస్తే ఈ భయం పోతుంది, గాజు పోగులో కరెంటు పారదు.

తుఫాన్ల సంగతి సముద్రం దగ్గరి జిల్లాలకు చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి గంజాంను ఊపేసింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ కొండల్లోకి వెళ్లి గజపతి జిల్లాలో వరదలు, కొండచరియలతో ప్రాణాలు తీసింది. అలాంటి గాలికి అడ్డంగా నిలబడే పెద్ద రేకు డిష్షు తెరచాపలా పనిచేసి స్తంభాన్నే వంచేస్తుంది. జాలీ డిష్షుకు గాలి తగిలేది తక్కువ. చంద్రపూర్ వైపు బాధ దీనికి ఎదురు. అక్కడ వేసవిలో 45 డిగ్రీలు దాటడం మామూలే. దొంగల భయంతో డబ్బాను మూసిన ఇనుప పెట్టెలో పెట్టి ఎండలో వదిలితే లోపలి వేడి బయటి కన్నా చాలా పైకి పోతుంది. పైన నీడ పలక, కింద గాలి ఆడే సందు, తెల్ల రంగు కావాలి. దుమ్మూ, వాన జల్లూ తట్టుకునే ఐపీ 65, నీట మునిగినా కాసేపు ఓర్చే ఐపీ 67 అన్న గుర్తులు ఎండ గురించి ఏమీ చెప్పవు. పని ఉష్ణోగ్రత ఎంతో విడిగా చూసుకోవాలి. టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఈటీఏ అనుమతి ఉందో లేదో కూడా కొనే ముందే చూడాలి.

ఓటీపీ రాని చోట ఓటీపీ

2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం కింద కిరాణా కొట్టువాళ్లయినా, టీ కొట్టువాళ్లయినా లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఫీజు లేకుండా వైఫై అమ్మవచ్చు. వాళ్లను పబ్లిక్ డేటా ఆఫీసులు, పొట్టిగా పీడీవోలంటారు. లెక్కలు, లాగిన్, వివరాల నమోదు అంతా వాళ్ల వెనకున్న అగ్రిగేటర్ కంపెనీ చూసుకుంటుంది. వీళ్లందరి వివరాల కేంద్ర పట్టిక టెలికాం శాఖ పరిశోధన సంస్థ సీ-డాట్ దగ్గర ఉంటుంది. చాలాకాలం ఈ పథకాన్ని వెనక్కి లాగింది ఫైబర్ ధర. చిన్న కొట్టుకు కూడా వ్యాపార కనెక్షన్ రేటు అడిగితే పది రూపాయల వైఫై ఎవరు అమ్మగలరు? 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 200 మెగాబిట్ల దాకా ఉన్న ఇంటి ఫైబర్ ప్లాన్లను పీడీవోలకు ఇంటి ధరకు రెట్టింపు మించకుండా ఇవ్వాలని ఆదేశించింది. ఆ ఆదేశం గురించి చిన్న ఊళ్ల కొట్టువాళ్లకు తెలియాలి.

లాగిన్ దగ్గర ఒక ముడి మిగిలింది. ఎవరు వాడుతున్నారో నమోదు చెయ్యడం భద్రత కోసం అవసరమే, అందులో తగాదా లేదు. ఓటీపీ రావాలంటే మాత్రం మొబైల్ సిగ్నల్ ఉండాలి. సిగ్నల్ లేని ఊళ్లోనే వైఫై ఎక్కువ అవసరం, అక్కడే ఓటీపీ రాదు. పీఎం-వాణి యాప్‌లో సిగ్నల్ ఉన్న చోట ఒకసారి నమోదైతే తర్వాత వేరే హాట్‌స్పాట్లలో కూడా గుర్తుపడుతుంది కాబట్టి, సంతకు వచ్చే రోజునే తాలూకా కేంద్రంలో జనం చేత ఆ పని చేయిస్తే సగం ఇబ్బంది తీరుతుంది.

లాగిన్ పేజీ ఏ భాషలో ఉండాలన్నది చిన్న విషయంగా తీసుకోవద్దు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడారు, కొండల్లోని సవరల భాషకు నిఘంటువు కట్టారు. ఆ ఊళ్లో పెట్టే వైఫై తొలి పేజీలో ఒడియాతో పాటు తెలుగు ఉండాలి, వీలైతే సవర కూడా. సిరోంచలో మరాఠీ, తెలుగు, గోండి. "అంగీకార నిబంధనలను ధృవీకరించండి" లాంటి కొయ్యతెలుగు వద్దు. "మీ నంబరు కొట్టండి, వచ్చిన అంకెలు ఇక్కడ వెయ్యండి" అంటే బామ్మకైనా అర్థమవుతుంది. ఒకరి ఫోన్ ఇంకొకరికి కనిపించకుండా చేసే ఏర్పాటు డబ్బాలోనే ఉంటుంది, దాన్ని మొదటి రోజే వెయ్యాలి.

అన్నీ బిగించాక చేసే పరీక్షకు ఖరీదైన మీటర్లు అక్కర్లేదు. సంత జోరుగా ఉన్న వేళ, ఊళ్లో అందరి దగ్గరా ఉండే చవక రకం ఫోన్ ఒకటి పట్టుకుని, జనం కూర్చునే చివరి చెట్టు దాకా నడవాలి. అక్కడి నుంచి రెండు మెగాబైట్ల ఫోటో ఒకటి ఎక్కించాలి, దించడం కాదు. పది సెకన్లలో వెళ్లిపోతే డబ్బాను అక్కడే వదిలెయ్యొచ్చు. వెళ్లకపోతే పవర్ పెంచే ముందు డబ్బాను ఆ చెట్టు దగ్గరికి జరపాలి. ఇదే నడక ఆగస్టులో వాన వెలిసిన గంటకు ఒకసారి, మే నెల మిట్టమధ్యాహ్నం ఒకసారి మళ్లీ చెయ్యాలి.